తిరిగి వెళ్ళిన తంబువా

లోసనా చేతులకు పని తగ్గితే నోటికి పని పెరుగుతుందని ఆమె భర్త ఎరోని ఊరంతా చెప్పి నవ్వించేవాడు. ఆ శనివారం పొద్దున మాత్రం ఆమె చేతులు ఆడుతున్నాయి గాని నోరు పెగలడం లేదు. తెల్లవారుతూనే వంటపాకలో చేరి కొబ్బరి కోరడం మొదలుపెట్టింది. పొయ్యి మీద పెద్ద గుండిగలో కర్రపెండలం ఉడుకుతోంది. కడిగిన చేమాకు బుట్టలో ఆరుతోంది. రేవా నదిలో పొద్దున్నే పట్టిన చేపలు అరటాకు మీద వరసగా పడుకుని ఉన్నాయి. ఇంట్లో ఉన్నది ముగ్గురే మనుషులు. వంట చూస్తే మాత్రం పెళ్ళివారు దిగబోతున్నట్టుంది.

ముందురోజు సాయంత్రం సైనిక క్యాంపు నుంచి సెలవు మీద వచ్చిన కూతురు విలిమైనా నిద్ర లేచి, జుట్టు ముడి వేసుకుంటూ పాక గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇదంతా? బెటాలియన్ మొత్తానికి వండుతున్నావా?"

"చర్చి వాళ్ళకి."

"చర్చి రేపు కదా. రేపటికి ఇవాళే చేప వండుతావా?"

"వండితే ఏమైంది? పాడైపోతుందా?"

"పాడైపోతుందమ్మా. చేప కదా."

లోసనా తల ఎత్తలేదు. కొబ్బరి చిప్పను గట్టిగా తిప్పింది. విలిమైనా ఒక్క క్షణం తల్లినే చూసి, కూర్చుని చేమాకు ఈనెలు తీయసాగింది. కూతురు అలా అడక్కుండా పనిలో దిగేసరికి లోసనా కొబ్బరి కోరడం ఆపింది. చెప్పేద్దామనుకుంది. వాళ్ళు వచ్చాక చూద్దాంలే అనుకుంది. చెప్పలేని మాటను వాయిదా వేయడంలో తల్లులకు ఉన్న నేర్పు ఇంకెవరికీ ఉండదు.

విలిమైనా సైన్యంలో చేరి ఐదేళ్ళు. ఏడాదిగా ఈ క్యాంపులో సామాన్ల స్టోర్‌లో పని. ఆ క్యాంపు సార్జెంట్ మేజర్ సెతరేకి ఒకప్పుడు ఎరోని చేతి కింద పని నేర్చుకున్న కుర్రాడే. ఇద్దరూ సినాయ్ ఎడారిలో శాంతి దళంలో ఉన్నప్పుడు ఒకే గుడారంలో పడుకున్నారు, ఒకే పళ్ళెంలో తిన్నారు. కూతురికి ఆ క్యాంపుకి పోస్టింగ్ వచ్చిందని తెలియగానే ఎరోని బస్సెక్కి వెళ్ళి, నీళ్ళలో కలిపి తాగే కావా వేళ్ళ కట్ట సెతరేకి ముందు పెట్టి, "నా పిల్లని నీ చేతుల్లో పెడుతున్నాను" అని మర్యాదగా అప్పగించి వచ్చాడు. పిల్ల చుట్టూ కంచె వేశాననుకున్నాడు పాపం. ఆ కంచే చేను మేసింది.

మొదట మాటలు. తరవాత వేళ కాని వేళ డ్యూటీలు. కిందటి నెల ఒక మధ్యాహ్నం స్టోర్ గదికి లోపలి నుంచి గడియ పడింది. విలిమైనా అరిచింది, కరిచింది, కిటికీ అద్దం పగలగొట్టుకుని బయట పడింది. చేతి మీద గాయం మానింది గాని ఆమె ఊరుకోలేదు. పై అధికారులకు ఫిర్యాదు ఇచ్చింది. సోమవారం విచారణ.

ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఎరోని కూతురితో మాట్లాడటం మానేశాడు. కోపం కూతురి మీదో, సెతరేకి మీదో, తన మీదో ఆయనకే తెలిసినట్టు లేదు. పొద్దుగూకులూ పడవ షెడ్డులో కూర్చుని, అప్పటికే పదునుగా ఉన్న కత్తిని నూరుతూ ఉండేవాడు.

ఇంతలో వంటపాక దగ్గరికి వచ్చిన లోసనా అన్నయ్య మనాసా చెప్పులు వదలకముందే కేక వేశాడు.

"లోసనా! వాళ్ళు పడవ దిగారు. ముసలాయన తంబువా పట్టుకొచ్చాడు చూడూ, అబ్బో! అంత తిమింగలం పన్ను నేను పెద్ద దొర చావులో తప్ప చూళ్ళేదు. కొబ్బరి తాడు కూడా కొత్తది." అప్పుడు కనిపించింది అతనికి విలిమైనా. "ఏమ్మా మైనా... బాగున్నావా?"

మనాసా నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసే అతన్ని మధ్యవర్తిగా పెట్టుకుంది లోసనా, ఇంకెవరూ దొరక్క.

విలిమైనా చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. "ఎవరు మామయ్యా పడవ దిగింది?"

మనాసా చెల్లెలి వంక చూశాడు. లోసనా పొయ్యి వంక చూసింది.

"సెతరేకి వాళ్ళు," అంది చివరికి లోసనా. "తంబువా ఇచ్చి క్షమాపణ అడగడానికి వస్తున్నారు. పద్ధతి ప్రకారం."

"ఎవరు రమ్మన్నారు?"

"నేనే. మీ మామయ్య చేత కబురు పెట్టించాను. వస్తే మేం కాదనం అని చెప్పించాను."

మనాసాకి హఠాత్తుగా కావా కలిపే గిన్నె కడగాలని గుర్తొచ్చింది. చల్లగా జారుకున్నాడు.

విలిమైనా లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. అది చూసే లోసనాకి భయమేసింది.

"అమ్మా, ఆ రోజు ఆ గదికి గడియ వేసింది ఆయన. ఇవాళ ఈ ఇంటికి గడియ వేస్తోంది నువ్వు."

"అంత మాటంటావా? నీ బాగు కోసమే కదే చేసింది! విచారణ అంటే ఏంటనుకున్నావ్? మగాళ్ళంతా వరసగా కూర్చుని నిన్ను గుచ్చి గుచ్చి అడుగుతారు. ఎందుకెళ్ళావ్, ఏం నవ్వావ్, ఎలా నిలబడ్డావ్ అని. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకొచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకేనే తల్లీ."

"నేను ఆకుని కాదమ్మా. నాకు తుపాకీ పట్టడం నేర్పించి జీతమిస్తున్నారు."

"తుపాకీ ఉంటే మాత్రం? ఊళ్ళో నోళ్ళకి అడ్డం పెట్టగలవా?"

"ఊరి సంగతి తరవాత. నాన్న చెయ్యి ఆ పన్నుకి తగిలిందంటే ఏమవుతుందో తెలుసా నీకు? సోమవారం నన్నడిగే మొదటి ప్రశ్న అదే. ఇంట్లో క్షమించేశారట కదా, మళ్ళీ ఇక్కడికెందుకొచ్చావ్ అంటారు. కేసు చూస్తున్న కెప్టెన్ మేడం ముందే చెప్పింది నాకు. రాజీ అయిందని రాసి మూసేస్తారు. వచ్చే నెల శాంతి దళం సినాయ్ వెళ్తోంది. దాంట్లో నా పేరుంది. దళంలో మాకు పెద్ద ఆయన. ఎడారిలో, సంవత్సరమంతా, ఆయన కింద నేను. అరిస్తే వినేదెవరమ్మా అక్కడ?"

లోసనాకి ఈ సంగతి తెలియదు. తెలిసినా కబురు పెట్టేదేమో. తంబువా పుచ్చుకున్నాక వైరం ఉండదు, వైరం లేని చోట భయం ఉండదు అని ఆమె చిన్నప్పటి నుంచి నమ్మిన మాట. ఆ నమ్మకంతోనే పెరిగింది, ఆ నమ్మకంతోనే పిల్లను పెంచింది.

"మీ అమ్మ పిలిచింది. నేను సరేనన్నాను." ఎరోని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్ళ తరవాత కూతురి ముందు ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి. అయినా కళ్ళు మాత్రం ఆమె వైపు తిప్పలేదు. "తంబువా తిప్పి పంపిన ఇల్లు ఈ ఒడ్డున ఎక్కడైనా ఉందా? మా తాత తమ్ముణ్ణి చంపినవాళ్ళు తెస్తే కూడా పుచ్చుకున్నాం. ఆ మర్నాడు కలిసి వల వేశాం."

"చచ్చిపోయిన మనిషి మళ్ళీ వాళ్ళ కింద డ్యూటీ చెయ్యక్కర్లేదు కదా నాన్నా."

"సెతరేకి తలవంచుకుని వస్తున్నాడు. పెద్దల ముందు తప్పయిందంటాడు. అంతకన్నా ఏం కావాలి నీకు?"

"నాకంటాడా? నీకంటాడా?"

ఆయన చొక్కా మార్చుకోవడానికి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. వెళ్తున్న మనిషి వీపు చూసి లోసనాకి తెలిసింది, ఆయన ఆ తంబువాకి ఎదురుచూస్తున్నది కూతురి కోసం కన్నా తన మనశ్శాంతి కోసమేనని. తన చేత్తో పిల్లని అప్పగించిన తప్పును ఎవరో ఒకరు వచ్చి పాతిపెట్టి వెళ్తే ఆయనకి నిద్ర పడుతుంది.

నది వైపు నుంచి మనుషుల అలికిడి వినిపించింది. లోసనా కంగారుగా కూతురి చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళిపోతావా?"

"నా ఇంట్లోంచి నేనెందుకు వెళ్ళాలి? ఆ రోజు కిటికీలోంచి దూకాను. ఇవాళ దూకను." విలిమైనా మళ్ళీ కూర్చుని చేమాకు బుట్ట దగ్గరికి లాక్కుంది. "మీరు పుచ్చుకుంటే పుచ్చుకోండి. సోమవారం నేనొక్కదాన్నే వెళ్ళి చెప్తాను. నా ఇంట్లోవాళ్ళే నాకు ఎదురు సాక్ష్యం అయ్యారని కూడా చెప్తాను."

వచ్చినవాళ్ళు వంగి నడుస్తూ, చిన్నవాళ్ళు వాడే కింది గుమ్మంలోంచి లోపలికి వచ్చి, చాపల చివర కూర్చున్నారు. క్షమాపణకి వచ్చినవాళ్ళు అక్కడే కూర్చోవాలి. ముందు వాళ్ళ వంశం తరఫున మాట్లాడే ముసలాయన, ఒళ్ళో తంబువా. ఆయన వెనక ఇద్దరు పెద్దలు. అందరి వెనక సెతరేకి. ఇస్త్రీ చేసిన చొక్కా, దువ్విన తల, నేలకి దించిన చూపు. కవాతులో నిలబడమంటే నిలబడ్డట్టు, తలవంచమంటే వంచినట్టు ఉంది అతని వాలకం.

సెతరేకి తల్లి ఉనాయిసి మాత్రం మగవాళ్ళతో కూర్చోలేదు. కానుకగా తెచ్చిన చాప చుట్ట చంకన పెట్టుకుని వంటపాక వెతుక్కుంటూ వచ్చింది. చిన్న మనిషి, నడుం వంగింది, పాపం ముసలితనం. చేమాకు ముందు కూర్చున్న పిల్లను చూడగానే నేల మీద చతికిలబడింది.

"నువ్వేనా తల్లీ?"

విలిమైనా తలూపింది.

"నీ మొహం చూడ్డానికి నాకు మొహం లేదమ్మా. వాణ్ణి కన్న కడుపు ఇది. కోసి పారేద్దామంటే కాదు కదా." ముసలామె భోరున ఏడ్చేసింది. మనసులో లేని ఏడుపు కాదది. విలిమైనా మంచినీళ్ళ చెంబు ఆమె దగ్గరికి జరిపింది. లోసనా నిమ్మాకు టీ కాచి కప్పులో పోసి ఇచ్చింది.

ఉనాయిసి రెండు చేతులా కప్పు పట్టుకుని ఒక గుక్క తాగి, అరచేత్తో మొహం తుడుచుకుంది.

"మీరు మంచివాళ్ళమ్మా. ఇంట్లోకి రానిచ్చారు, టీ ఇచ్చారు. పోయినసారి వాళ్ళు మమ్మల్ని మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో కూర్చోబెట్టారు. పెద్దాయన కళ్ళు తిరిగి పడిపోయాడు కూడా."

లోసనా చేతిలో గరిటె ఆగింది.

"పోయినసారా?"

ముసలామె కప్పు దించింది. నోరు జారానని ఆమెకి అప్పుడు తెలిసింది. ఒకసారి గుమ్మం వైపు చూసింది, ఒకసారి విలిమైనా వైపు చూసింది. అబద్ధం ఆడటానికి ఓపిక లేనట్టు భుజాలు వాల్చేసింది.

"రెండేళ్ళయిందమ్మా. టోరికా అని, పైనూరి పిల్ల. అక్కడే స్టోర్‌లో చేసేది."

"వాళ్ళు పుచ్చుకున్నారా?"

"పుచ్చుకున్నారు. అందరం కలిసి భోంచేశాం. ఇంక వీడు మారతాడనుకున్నాను."

"ఆ పిల్ల?"

"ఉద్యోగం మానేసింది. ఎక్కడో హోటల్లో దుప్పట్లు ఉతుకుతోందట."

విలిమైనా మెల్లగా అంది. "నాకిచ్చిన బీరువా తలుపు లోపల ఆ పేరు మేకుతో గీకి ఉంది. ఎవరని అడిగితే అక్కడ ఎవ్వరూ చెప్పలేదు."

లోసనా గరిటె కింద పెట్టింది. పొయ్యి మీద కొబ్బరిపాలు పొంగుతున్నాయి, ఆమెకి కనబడటం లేదు. రెండేళ్ళ కింద పైనూళ్ళో ఒక తల్లి ఇలాగే తెల్లవారుతూనే లేచి కొబ్బరి కోరి ఉంటుంది. పిల్ల బాగు కోసమే అనుకుని ఉంటుంది. ఆ తంబువా పుచ్చుకోబట్టే ఆ స్టోర్ తలుపుకి మళ్ళీ గడియ పడింది. ఇవాళ తను పుచ్చుకుంటే రేపు ఏ పిల్ల పేరు ఏ బీరువా తలుపు మీద ఉంటుందో! ఆ పిల్ల తల్లి ఇప్పుడు ఏ ఊళ్ళో ఏం వండుకుంటోందో! లోసనా పొయ్యిలోంచి కట్టెలు బయటికి లాగేసి ఇంటి వైపు నడిచింది.

లోపల ముసలాయన గొంతు మొదలైంది. తంబువాని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, కళ్ళు మూసుకుని చెబుతున్నాడు.

"ఎరోనీ, నీ వంశం పెద్దది, నీ మనసు ఇంకా పెద్దది. మా కుర్రాడి వల్ల ఒక చిన్న పొరపాటు జరిగింది. రెండు వంశాల మధ్య నీడ పడింది. ఈ నీడని ఈ మట్టిలో పాతిపెడదామని వచ్చాం. నీ ముందు, నీ దేవుడి ముందు, నీ పూర్వీకుల ముందు తల వంచుతున్నాం..."

లోసనా గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నది. ఎరోని పేరు వచ్చింది. వంశం పేరు వచ్చింది. చనిపోయిన తాతల పేర్లన్నీ వచ్చాయి. తన కూతురి పేరు ఒక్కసారి కూడా రాలేదు.

ఎరోని ముందుకు వంగాడు. రెండు చేతులూ చాచాడు.

"చెయ్యి పెట్టకు!"

లోసనా లోపలికి వచ్చేసింది. మగవాళ్ళు కూర్చున్న చాపల మీద వంగకుండా నిటారుగా నడిచి వచ్చింది. ఆ ఇంట్లో ఏ ఆడదీ అలా నడవలేదు. మనాసా ఆమె చెయ్యి పట్టుకుని లాగబోయాడు.

"బుద్ధుందా నీకు? కూర్చో!"

"ఇన్నాళ్ళూ కూర్చునే ఉన్నాను అన్నయ్యా." ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఇది మొదటిది కాదు. టోరికా అని పైనూరి పిల్ల. అదే స్టోర్. వాళ్ళింటికీ ఇలాగే పట్టుకెళ్ళారు, వాళ్ళూ పుచ్చుకున్నారు. ఆ పిల్ల ఉద్యోగం పోయింది. ఈయన ఉద్యోగం ఉంది."

ముసలాయన కళ్ళు తెరిచాడు. మొహం ఎర్రబడింది. "అమ్మా, అది పాత సంగతి. పాతిపెట్టేశాం. పాతిపెట్టినదాన్ని తవ్వడం మన ఆచారం కాదు."

"మీరు పాతిపెట్టింది మొలకెత్తింది తాతా! మా ఇంట్లో మొలిచింది."

ఎరోని చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఆయన ముసలాయన భుజం మీదుగా వెనక్కి చూశాడు. సినాయ్‌లో కుర్రాళ్ళని వరసలో నిలబెట్టినప్పటి గొంతు వచ్చింది ఆయనకి.

"సెతరేకీ, తల ఎత్తు. నేను కావా కట్ట పెట్టి నా పిల్లని నీకు అప్పగించిన రోజుకి ఆ టోరికా సంగతి జరిగిపోయిందా?"

సెతరేకి తల ఎత్తాడు. "సార్... అది వాళ్ళతో రాజీ అయిపోయింది కదా సార్."

అంతే. అబద్ధమాడినా బాగుండేది. ఆ రాజీ అన్న మాటని అతను ఎంత తేలిగ్గా అన్నాడంటే, ఎరోనికి తన చేతిలో ఏం పడబోతోందో అప్పుడు కనబడింది. ఇంకో ఇంట్లో ఇంకో తండ్రి ముందు అతను మళ్ళీ ఇదే మాట ఇంతే మర్యాదగా అంటాడు. ‘ఎరోని సార్ వాళ్ళతో రాజీ అయిపోయింది కదా’ అంటాడు.

ఎరోని చేతులు వెనక్కి తీసుకుని మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"మైనా!" అని పిలిచాడు. "ఇలా రా అమ్మా."

విలిమైనా వంటపాక లోంచి వచ్చింది. అలవాటుగా కింది గుమ్మం దగ్గర కూర్చోబోయింది.

"అక్కడ కాదు. ఇక్కడ, నా పక్కన." ఆయన జరిగి చోటిచ్చాడు. ఇంటి పెద్దలు తప్ప ఎవరూ కూర్చోని చోటది. "తప్పు జరిగింది నీకు. వీళ్ళు తెచ్చి నాకిస్తున్నారు. నేను పుచ్చుకోవడానికి చెయ్యి కూడా చాచాను, సిగ్గులేకుండా. ఏం చెయ్యాలో నువ్వు చెప్పు."

విలిమైనా మొదట ముసలాయనకి పద్ధతి ప్రకారం చేతులు తట్టి మర్యాద చేసింది.

"తాతా, మీ వంశానికీ మా వంశానికీ వైరం లేదు. మీరు రేపు వచ్చినా ఈ ఇంట్లో టీ ఉంటుంది. కానీ ఇది ఊళ్ళో జరిగింది కాదు. క్యాంపులో జరిగింది. ఆయన వేసుకున్న యూనిఫామే నేనూ వేసుకుంటాను. నన్ను కాపాడాల్సిన మనిషి ఆయన, అది ఆయన డ్యూటీ. ఆ డ్యూటీలో తప్పు చేశాడో లేదో అక్కడే తేలాలి. ఆయనకి నాతో ఏమైనా చెప్పాలనుంటే సోమవారం అందరి ముందూ చెప్పమనండి. వింటాను." ఆమె సెతరేకి వైపు చూసింది. అతనే చూపు తిప్పుకున్నాడు. "స్టోర్‌లో నా తరవాత ఇంకో పిల్ల వస్తుంది తాతా. ఆ పిల్ల కిటికీ పగలగొట్టుకోకూడదు."

"తంబువాని తిప్పి పంపితే నేల ఊరుకోదు ఎరోనీ," అన్నాడు ముసలాయన. బెదిరింపు కన్నా భయమే ఎక్కువగా ఉంది ఆ మాటలో.

"నేల అడిగితే నేను జవాబు చెప్పుకుంటాను పెద్దయ్యా. ఈ పిల్ల అడిగినదానికే ఇన్నాళ్ళూ చెప్పుకోలేకపోయాను. తీసుకెళ్ళండి."

ముసలాయన తంబువాని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక్కొక్కరే వంగి నడుస్తూ బయటికి వెళ్ళారు. సెతరేకి గుమ్మం దాటగానే వంగడం మానేసి నిటారుగా, చకచకా నడిచి పడవ దగ్గరికి పోయాడు. అది ఎరోని కంట పడింది.

ఉనాయిసి అందరి వెనక నిలబడిపోయింది. పడవలోంచి పిలుస్తున్నా కదలలేదు. లోసనా ఆమె చేతిలో అరటాకులో కట్టిన చేప, కర్రపెండలం పెట్టింది. ముసలామె ఆ పొట్లం వంకా, విలిమైనా వంకా చూసి, "టోరికా వాళ్ళ ఇల్లు నాకు తెలుసు," అంది. "నడిచి వెళ్ళగలను. నువ్వు ఇలా చెప్పావని ఆ పిల్లకి చెప్తాను. తరవాత దాని ఇష్టం." వెళ్ళిపోయింది. కొడుకు కూర్చున్న పడవలో కాదు, గట్టు మీద నడిచి.

మనాసా మాత్రం చాప మీద నుంచి లేవలేదు. "ఊళ్ళో తలెత్తుకోలేం," అన్నాడు. మళ్ళీ తనే, "ఇంత వంట ఏం చేస్తావు?" అన్నాడు.

"నువ్వు తిను బావా," అన్నాడు ఎరోని. "నోరు ఖాళీగా ఉంటేనే కదా ఊరికి వార్తలు వెళ్ళేది."

విలిమైనా ఫక్కున నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపయింది. ఎరోని ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఇన్ని రోజులుగా తన కళ్ళలోకి చూడని మనిషి ఇప్పుడు చూపు తిప్పడం లేదు.

"సోమవారం నేనూ వస్తాను."

"లోపలికి నన్నొక్కదాన్నే రానిస్తారు నాన్నా."

"గేటు బయట కూర్చుంటాను. కాపలా కాయడం నాకు తెలిసిన పనే. ఒక్కసారే మరిచిపోయాను."

ఆ మాట అని ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. విలిమైనా ఆ చేతులు విడదీసి పట్టుకుంది.

లోసనా ఇదంతా చూస్తూ నిలబడింది. తండ్రీ కూతుళ్ళ దగ్గరికి పోవడానికి ఆమెకి కాళ్ళు రాలేదు. పిలిచింది తను. వండింది తను. పిల్ల చేత ఆ మనిషికి చేమాకు ఈనెలు తీయించింది తను. ఆమె మెల్లగా వెళ్ళి చాపల చివర, కింది గుమ్మం దగ్గర, ఇందాక వాళ్ళు కూర్చున్న చోటే కూర్చుంది. తల నేలకి వంచింది. ఖాళీ చేతులు ముందుకు చాపి పెట్టుకుంది.

"అమ్మా, ఏంటిది? లే."

"లేవను. పద్ధతి ప్రకారం అడగనీ నన్ను. నా దగ్గర తంబువా లేదు. ఏమీ లేదు."

విలిమైనా పై చోటు నుంచి లేచి వచ్చింది. తల్లికి ఎదురుగా కాదు, పక్కన, ఆ గుమ్మం దగ్గరే కూర్చుంది. ఇంకా కొబ్బరి వాసన వస్తున్న ఆ చేతుల్ని తన ఒళ్ళోకి తీసుకుంది.

"నాకు కోపం ఇంకా ఉందమ్మా," అంది.

"ఉండనీ."

"ఇవాళ్టితో పోదు."

"పోనక్కర్లేదు. ఉన్నన్నాళ్ళూ ఉండనీ. ఆ రోజు ఏం జరిగిందో చెప్పు నాకు."

విలిమైనా ఆశ్చర్యంగా చూసింది. ఫిర్యాదు ఇచ్చి వచ్చిన రోజున తల్లికి చెప్పబోతే "వద్దులే, వద్దులే తల్లీ, మరిచిపో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది లోసనా. కెప్టెన్ మేడం విన్నది. సోమవారం విచారణలో ముక్కూ మొహం తెలియని మనుషులు వింటారు. కన్న తల్లి మాత్రం ఇంతవరకు వినలేదు.

"అంతా చెప్పనా?"

"అంతా. మొదటి నుంచి."

ఎరోని కూడా లేచి వచ్చి ఆ గుమ్మం దగ్గరే నేల మీద కూర్చున్నాడు. మనాసా పళ్ళెం పక్కన పెట్టేశాడు. విలిమైనా చెప్పడం మొదలుపెట్టింది. చెబుతున్నంతసేపూ లోసనా కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి గాని, ఒక్కసారి కూడా ఆపమనలేదు.